ముఖ్య అతిథి పేరుంది, గెలిచిన పిల్ల పేరేదీ?

జిల్లాల్లో ఆటల వార్తలు రాసే విలేకరికి రోజంతా ఫోన్లే. ఫొటో వేయమని ఒకరు, పాసు ఇప్పించమని ఒకరు, అలా ఎందుకు రాశావని ఇంకొకరు. ఇంతమందిలో ఎవరు గెలిచారో, ఎంతలో గెలిచారో చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. ఆ నష్టం చివరికి మైదానంలో పరుగెత్తిన పిల్లల మీదే పడుతోంది.

సాయంత్రం ఐదు దాటితే వాట్సాప్‌లో ప్రెస్‌నోట్లు దిగుతాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ విప్పి చూపిస్తాను. జిల్లాస్థాయి పాఠశాలల అథ్లెటిక్స్ పోటీలు, అండర్-14, అండర్-17 విభాగాలు. నోటు ఒకటిన్నర పేజీ. మొదటి పేరాలో జ్యోతి ప్రజ్వలన, జెండా ఆవిష్కరణ, గౌరవ వందనం. రెండో పేరాలో ముఖ్య అతిథి ప్రసంగం: క్రీడలతో శారీరక దారుఢ్యం, మానసికోల్లాసం, గెలుపోటములు సహజం. మూడో పేరా నిండా పేర్లు. ఎమ్మెల్యే, మున్సిపల్ చైర్‌పర్సన్, ఎంఈవో, ప్రధానోపాధ్యాయుడు, దాతలు, సంఘం గౌరవాధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కోశాధికారి. ఎవరి పేరు ముందు ఏ హోదా ఉండాలో, ఎవరి తర్వాత ఎవరు రావాలో ఎక్కడా తేడా రాలేదు. ఆఖరి వాక్యం ఇది: అనంతరం విజేతలకు బహుమతులు అందజేశారు.

వంద మీటర్లు ఎవరు గెలిచారు? లేదు. లాంగ్‌జంప్‌లో ఎంత దూరం దూకారు? లేదు. ఏ ఊరి పిల్లలు, ఏ బడి పిల్లలు? అదీ లేదు. జతచేసిన ఫొటోలన్నిటిలో వేదికే ఉంది. పిల్లలు ఒక్క ఫొటోలో కనిపిస్తారు. అతిథి కరచాలనం చేస్తుంటే వాళ్ల వీపులు మనవైపు ఉంటాయి.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేస్తే జవాబు ఎప్పుడూ ఒకటే. “షీట్లు పీఈటీల దగ్గరున్నాయి బ్రదర్, రేపు పంపిస్తాలే. ఈ పూటకి ఓపెనింగ్ పెట్టెయ్యండి. ఎమ్మెల్యే గారి పేరు మాత్రం పోకుండా చూడండి.” జిల్లా పేజీ రాత్రి పెందలాడే కట్టేస్తారు. రేపటికి ఇంకో ఊళ్లో ఇంకో ఓపెనింగ్ ఉంటుంది. ఆ షీట్లు పీఈటీల సంచుల్లోంచి బడి బీరువాల్లోకి, అక్కడి నుంచి పాత కాగితాల కట్టల్లోకి పోతాయి. పరుగు గెలిచిన పిల్లకి ఒక మెడల్, ఒక సర్టిఫికెట్ మిగులుతాయి. ఆ సర్టిఫికెట్ మీద ప్రథమ స్థానం అని ఉంటుంది. ఎన్ని సెకన్లలో అన్నది ఉండదు.

1980ల చివర తెలుగు దినపత్రికలు జిల్లాకో చిన్న సంచిక ఇవ్వడం మొదలుపెట్టాక మండల స్థాయి కబడ్డీ కూడా అచ్చుకెక్కింది. దేశంలో చాలా భాషల పాఠకులకు అప్పట్లో లేని భాగ్యమది. ఆ పేజీల వల్లే ఊరి కుర్రాడి పేరు ఊరందరి నోటా నానింది. జిల్లా మీట్‌లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆ పత్రిక ముక్క తప్ప జనానికి అందుబాటులో ఇంకో ఆధారం ఇవాళ్టికీ లేదు. చాలా క్రీడా సంఘాలకు జిల్లా స్థాయిలో వెబ్‌సైటు ఉండదు, ఉన్నా అందులో కార్యవర్గం ఫొటోలే. అందుకే ఫలితం అందలేదన్నది విలేకరి సొంత చిరాకు అనుకుని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

పొద్దున్నే ఆరింటికి వచ్చే ఫోను

తల్లిదండ్రులు ప్రాణం తీస్తారన్నది విలేకరుల మధ్య తరచూ వినిపించే మాట. నిజమే, తీస్తారు. పోటీ ఇంకా పూర్తి కాకుండానే ‘మా వాడి ఫొటో పడుతుందా సార్’ అంటారు. మూడో స్థానం వచ్చిన పిల్లాడి ఫొటో ఎందుకు వేయలేదని నిలదీస్తారు. పక్క పత్రికలో డబుల్ కాలమ్ వచ్చింది, మీ దాంట్లో నాలుగు లైన్లే వచ్చిందని మొహం మీదే అంటారు. కొందరు వార్త తామే రాసుకొస్తారు. అందులో ‘అద్భుత ప్రతిభ కనబరిచి’ మూడుసార్లు ఉంటుంది. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి మీద గెలిచాడో ఉండదు.

అయినా ఆ ఆరాటం వెనక ఏముందో తెలిస్తే కోపం నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. తెలంగాణలో 2 శాతం ఉంది. ఇంజినీరింగ్ సీట్లకు అర శాతం కోటా ఉంది. 2025 మెగా డీఎస్సీలో క్రీడా కోటా టీచరు పోస్టులను క్రీడా ధ్రువపత్రాల ఆధారంగానే భర్తీ చేశారు. వీటన్నిటికీ ఫారాలు కావాలి. అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం-4. ఆ ఫారం మీద సంతకం పెట్టాల్సింది సంఘమో, అధికారో. వాళ్లు పెడతారన్న నమ్మకం లేక ఇళ్లల్లో కటింగులు దాచుకుంటారు. పత్రిక ముక్కకు కోటాలో మార్కులు రావు. ‘మా పిల్ల నిజంగా ఆడింది, చూడండి’ అని ఆఫీసులో బల్ల మీద పెట్టడానికి మాత్రం పేదవాడి చేతిలో ఉన్న కాగితం అదొక్కటే.

ఆటో నడుపుకునే ఒక తండ్రి పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేశాడు. బండి తీసే ముందు టీ కొట్టు దగ్గర పేపరు చూశాడట. “మా అమ్మాయి ఇంటిపేరు తప్పు పడింది సార్. ఆధార్‌లో ఇలా లేదు. రేపు ఎవరన్నా ఈ పిల్ల నువ్వు కాదంటే ఏం చెయ్యాలి?” పేరు ప్రెస్‌నోట్‌లోనే తప్పు వచ్చింది. నోటు రాసినాయన ఇంగ్లీషులో టైపు చేసిన జాబితాను చూసి తెలుగులోకి మార్చాడు. వాకాడ కాస్తా వాకడ అయింది. ‘చిన్న అక్షరం కదా, అర్థమవుతుందిలే’ అని కార్యదర్శి తేల్చేశాడు. వేదిక మీద పెద్దమనిషి ఇంటిపేరులో ఆ దీర్ఘం పోయి ఉంటే అదే కార్యదర్శి ఆ రాత్రే ఫోన్ చేసి సవరణ వేయించేవాడు.

అందుకే తల్లిదండ్రుల మీద నాకున్న ఫిర్యాదు వేరు. వాళ్లు ఫొటో కోసం విలేకరిని పట్టుకుని అడుగుతారు, సమయం ఎంత తీశారని పోటీ నడిపినవాళ్లను అడగరు. గ్రౌండులో నిలబడి ‘మా అమ్మాయి ఎన్ని సెకన్లలో పూర్తి చేసింది మాస్టారూ, రాసివ్వండి’ అని పదిమంది తండ్రులు అడిగితే షీటు ఆ సాయంత్రమే బయటికి వస్తుంది.

జాబితా రేపు

ఇక అధికారులు, సంఘాల పెద్దలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

జిల్లా జట్టు ఎంపిక రోజు మైదానం చూడండి. కబడ్డీయే అనుకుందాం. పొద్దున ఏడింటికల్లా పల్లెల నుంచి బస్సుల్లో, బైకుల మీద, ఒక్కో ఊరి పిల్లలు ఒక్కో ఆటోలో దిగుతారు. బరువు తూచే దగ్గర వరస. ఆధార్ జిరాక్సు, బడి నుంచి బోనఫైడ్, పుట్టినతేదీ పత్రం. అతిథి వచ్చేదాకా ఆట మొదలవదు. పదిన్నర, పదకొండు అవుతుంది. బరువు కోసం రాత్రి నుంచి తిండి మానేసిన పిల్లలు ఎండలో వరసలు కట్టి నిలబడి ఉంటారు. ఆ నిలబడ్డ పిల్లల ఫొటో తీస్తే ‘ఇవన్నీ ఎందుకండీ, మంచి యాంగిల్లో తీయండి’ అని ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేస్తారు. సాయంత్రం దాకా ఆటలు సాగుతాయి. చీకటి పడే వేళ మైకులో పన్నెండు పేర్లు చదువుతారు. వారం తర్వాత రాష్ట్ర పోటీలకు వెళ్లిన జట్టులో అందులో రెండు పేర్లు ఉండవు, కొత్తగా రెండు పేర్లు ఉంటాయి. అడిగితే ‘టెక్నికల్ కమిటీ మార్చింది’ అంటారు. కమిటీలో ఎవరున్నారంటే ‘నువ్వు ఆటగాడివా, నీకెందుకు?’ అంటారు.

వార్త రాస్తే ఏమవుతుందో జిల్లాలో అందరికీ తెలుసు. మొదట వాట్సాప్ గ్రూపులోంచి పేరు తీసేస్తారు. తర్వాతి టోర్నమెంటు సంగతి చెప్పరు. బ్యూరో ఇన్‌చార్జికి ఫోన్ వెళుతుంది. అన్నిటికంటే బాధపెట్టేది ఇంకోటుంది. జాబితాలోంచి పేరు పోయిన కుర్రాడి తండ్రే వచ్చి ‘మా పేరు రాయొద్దన్నా, వచ్చే ఏడు కూడా వాళ్ల దగ్గరికే పోవాలి గదా’ అని బతిమాలతాడు. అన్యాయం జరిగిందని ఊరంతా చెప్పుకుంటుంది. కాగితం మీద సంతకం పెట్టేవాడు ఒక్కడూ ఉండడు. పేరు లేని ఆరోపణను డెస్కు తీసుకోదు, తీసుకోకూడదు కూడా. వార్త అక్కడే ఆగిపోతుంది.

ఒకే ఆటకు రెండు సంఘాలున్న చోట చిక్కు ఇంకా ఎక్కువ. ఒకే వారం రెండు జిల్లా ఛాంపియన్‌షిప్‌లు జరుగుతాయి. రెండింటిలోనూ విజేతలుంటారు, రెండూ సర్టిఫికెట్లిస్తాయి. ఒకటి రాస్తే రెండోవాళ్లు నోటీసు పంపుతామంటారు. ఏ సర్టిఫికెట్ చెల్లుతుందని విలేకరి అడిగితే ఇద్దరూ కోర్టు కేసు నంబర్లు చెబుతారు. ఇది జిల్లాలో పుట్టిన జబ్బు కాదు. కబడ్డీ జాతీయ సమాఖ్యనే 2018లో ఢిల్లీ హైకోర్టు పాత కార్యవర్గం చేతుల్లోంచి తప్పించి అడ్మినిస్ట్రేటర్‌కు అప్పగించింది. హైదరాబాద్ క్రికెట్ సంఘం గొడవలు తేల్చడానికి 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్.నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించాల్సి వచ్చింది. ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఈ సంగతులు రాసేవాళ్లకు పెద్ద పత్రికల అండ, న్యాయవాదుల అండ ఉంటాయి. మండలంలో రాసేవాడికి తన సెల్‌ఫోనే అండ.

అతని జీతం సంగతీ చెప్పాలి. మండల స్థాయిలో రాసేవాళ్లలో ఎక్కువమందికి నెలజీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ చాలాచోట్ల పెట్రోలుకే చాలదు. దాని మీద ప్రకటనల టార్గెటు. పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి, పత్రిక వార్షికోత్సవానికి యాడ్లు తేవాలి. ఊళ్లో యాడ్ ఇవ్వగలిగినవాళ్లెవరు? ప్రైవేటు స్కూలు యజమాని, రియల్ ఎస్టేటు వ్యాపారి, పార్టీ నాయకుడు. క్రీడా సంఘాలకు అధ్యక్షులు, గౌరవాధ్యక్షులు కూడా చాలా ఊళ్లలో వాళ్లే. ఆగస్టులో యాడ్ కోసం ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో అక్టోబరులో జట్టు జాబితా ఎందుకు మారిందని వాళ్లనే అడగాలి. ఈ ముడి విప్పకుండా విలేకరుల ధైర్యం గురించి ఉపన్యాసాలివ్వడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈ ముడి వేసింది పత్రికల యాజమాన్యాలు. విప్పాల్సిందీ వాళ్లే.

పాసుల గోల గురించి ఎక్కువ చెప్పను. విశాఖలోనో ఉప్పల్‌లోనో మ్యాచ్ ఉందంటే చిన్ననాటి స్నేహితుల నుంచి కరెంటాఫీసు గుమస్తా దాకా అందరికీ క్రీడా విలేకరి గుర్తొస్తాడు. జిల్లా విలేకరుల్లో చాలామందికి ఆ మ్యాచ్‌కి అక్రిడిటేషనే రాదన్నది ఎవరూ నమ్మరు. 2022 సెప్టెంబరు 22న, ఉప్పల్‌లో జరగబోయే భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. టికెట్లు ఎన్ని, ఎవరికెన్ని అన్న ప్రశ్నకు ముందే సూటిగా జవాబిచ్చి ఉంటే అంతమంది అక్కడ ఆశతో గుమిగూడేవాళ్లు కాదు. అధికారుల మౌనానికి ఆ రోజు దెబ్బలు తిన్నది మామూలు అభిమానులు.

13.03 సెకన్లు ఏమయ్యాయి?

ఫలితం సరిగ్గా నమోదు కాకపోతే ఏం పోతుందో విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతిని చూస్తే తెలుస్తుంది. వంద మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు అప్పటికి ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పూర్తి చేసింది. రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. రికార్డుగా ఒప్పుకోవడానికి కావలసిన డోప్ పరీక్ష లాంటి ఏర్పాట్లు అక్కడ లేవు. పరుగెత్తడం ఆమె వంతు, ఆ ఏర్పాట్లు అధికారుల వంతు. ఆమె తన వంతు చేసింది.

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1 ఉంది. నిబంధన నిబంధనే, అందులో ఎవరి తప్పూ లేదు. చివరికి అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో జాతీయ రికార్డు ఆమె పేరున పడింది. మూడబిద్రిలో తీసిన సమయం కంటే అది తక్కువ వేగం. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది కాబట్టి ఈ కథ మనకు తెలుసు. జిల్లా దాటని పిల్లల కథలు ఎవరికీ తెలియవు.

జాతీయ స్థాయి విశ్వవిద్యాలయాల పోటీలోనే అలా జరిగితే జిల్లా మీట్ సంగతి చెప్పేదేముంది? అక్కడ గాలిని కొలిచే పరికరం ఉండదు. చేతి స్టాప్‌వాచ్‌లే ఉంటాయి. దాంతో తీసిన వంద మీటర్ల సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుకుంటారు. ఆ లెక్క వ్యాయామ ఉపాధ్యాయులందరికీ తెలుసు. అంటే పరికరాలు లేకపోయినా పనికొచ్చే అంకె ఒకటి రాసుకోవచ్చు. రాసుకోరు. ఒకటి, రెండు, మూడు అని స్థానాలు వేసి ముగించేస్తారు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల 13.2లో పరుగెత్తి, పదో తరగతిలో 12.6కు దిగిందంటే ఆ తేడాలోనే ఆమె భవిష్యత్తు ఉంది. కోచ్ చూసేది ఆ తేడానే. అది ఎక్కడా లేకపోతే ఆ పిల్ల ఎవరి కంటా పడదు. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 మేలో కోబెలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పల్లె బడిలో చూడగలిగే కళ్లు ఉండబట్టి ఆమె బయటపడింది. ఆ కళ్లు లేని బళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ కాగితమన్నా ఉండాలి.

లెక్క రాయడం మనవాళ్లకు చేతకాక కాదు. సంక్రాంతికో, శివరాత్రికో, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలకు వెళ్లి చూడండి. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. ఎద్దు నోరు తెరిచి చూసి మరీ విభాగంలోకి తీసుకుంటారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు లాగిందో టేపు పెట్టి కొలిచి అప్పటికప్పుడు మైకులో చెబుతారు. యజమాని పేరు, ఊరు, మండలం, దూరం అన్నీ రాత్రికల్లా విలేకరికి అందుతాయి, పొద్దున పేపర్లో ఉంటాయి. ఆ రైతులంటే నాకు ఎంతో గౌరవం. అంత శ్రద్ధ మన పిల్లల లాంగ్‌జంప్ గుంట దగ్గర కూడా ఉండాలని అడుగుతున్నాను. వయసు విషయంలోనూ అంతే. వయసు దొంగలెక్కల మీద కేంద్ర క్రీడా శాఖ 2010లోనే నియమావళి తెచ్చింది. పద్దెనిమిదేళ్లవాణ్ని పద్నాలుగేళ్లవాడిగా దింపితే నష్టపోయేది నిజంగా పద్నాలుగేళ్లున్న పిల్లాడు. అది రాసిన విలేకరిని ‘మన జిల్లా పరువు తీశావు’ అంటారు.

రాయలేని వార్త

అన్నిటికంటే బరువైనది ఇది. కోచ్ ప్రవర్తన బాగాలేదని, హాస్టల్లో భయంగా ఉందని ఒక అమ్మాయి అంటుంది. ఆ మాట తల్లి నుంచి ఇంకెవరికో, అక్కడి నుంచి విలేకరికి చేరుతుంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ ఎవరో తెలిసేలా పేరు గానీ, బడి గానీ, ఊరు గానీ, ఇంటివాళ్ల వివరాలు గానీ రాయకూడదు. అది న్యాయమైన కట్టుబాటు, గీత దాటకూడదు. అయితే చిన్న జిల్లాలో ఆట పేరు రాసినా చాలు, అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. అధికారిని అడిగితే ‘మాకు ఫిర్యాదు అందలేదు’ అంటాడు. ఫిర్యాదు చేస్తే ఆట పోతుందని ఇంటివాళ్లు వెనక్కి తగ్గుతారు. 2023లో జంతర్ మంతర్ దగ్గర దేశానికి పతకాలు తెచ్చిన రెజ్లర్లే రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చిందంటే, జడ్చర్లలోనో జమ్మలమడుగులోనో పదమూడేళ్ల పిల్ల ఎవరి దగ్గర కూర్చోవాలి? మహిళా విలేకరులు క్రీడల బీట్‌లో ఎక్కువమంది ఉంటే ఆ పిల్ల నోరు విప్పడం కొంచెం సులువవుతుందని నమ్ముతాను. జిల్లాల్లో వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఇలాంటి మాట చెవిన పడ్డ ఏ పెద్దమనిషైనా పోలీసులకు చెప్పి తీరాలని చట్టమే అంటోంది. విలేకరికీ అది వర్తిస్తుంది. వార్త రాయలేకపోయినా ఆ పని చేయాలి.

సరిగ్గా చేసేవాళ్లూ ఉన్నారు. ప్రతి జిల్లాలో ఒకరిద్దరు వ్యాయామ ఉపాధ్యాయులు ఉంటారు. హీట్స్ అయిన వెంటనే తెల్లకాగితం మీద గీతలు గీసి, లేన్ నంబరు, పేరు, తండ్రి పేరు, తరగతి, బడి, చేతి సమయం రాసి ఫొటో తీసి పంపిస్తారు. వేదిక మీద వాళ్లకు కుర్చీ ఉండదు, ప్రెస్‌నోట్‌లో పేరుండదు. వాళ్లు పంపిన కాగితంతోనే ఆ రోజు వార్త నిలబడుతుంది.

ఆ కాగితాన్ని ప్రతి పోటీకీ తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా క్రీడా ప్రాధికార సంస్థకు చైర్మన్ కలెక్టరే. సంఘాలు మైదానం కోసం, నిధుల కోసం వచ్చేది ఆ సంస్థ దగ్గరికే. పోటీ ముగిసిన రోజే ప్రతి అంశంలో మొదటి ఎనిమిది మంది పేర్లు, బడి, పుట్టిన తేదీ, సమయం లేదా దూరం రాసి స్టేడియం గోడకు అంటించాలని, ఒక ప్రతి కార్యాలయంలో ఫైలు చేయాలని, ఎంపిక జాబితా మారితే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో దాని కిందే రాసి సంతకం పెట్టాలని, లేకపోతే మరుసటి ఏడాది గ్రౌండు ఇవ్వబోమని కలెక్టర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. ఈ ఏడాది పాఠశాలల క్రీడలు మొదలయ్యేలోగా ఆ సర్క్యులర్ మీద సంతకం పడాలని మా జిల్లా కలెక్టర్‌ను, మీ జిల్లా కలెక్టర్‌ను ఈ పేజీ నుంచే అడుగుతున్నాను.